డీజిలే కొంటాను నాన్నా

క్లినిక్ వెనక గది నుంచి,
ఆదివారం

నాన్నా,

నాకు లైసెన్సు వచ్చేసింది! ఫొటోలో మాత్రం ఎవరో నన్ను కొట్టబోతుంటే తప్పించుకుంటున్నట్టు ఉన్నాను. పెద్దమ్మ అది చూసి, "అచ్చం మీ నాన్న మొహమే. భయమేసినా కోపమొచ్చినా ఒకటే తీరు" అంది. నువ్వు వచ్చి చాలాకాలమైందని ఈ మధ్య ఏ మాట మొదలెట్టినా తిప్పితిప్పి నీ దగ్గరికే తెస్తోంది.

ఇక అసలు సంగతి. కారు కొందామనుకుంటున్నాను. కొత్తది కాదులే, వాడినదే. ఇంటింటికీ తిరిగి మంచంపట్టిన వాళ్ల కాళ్లూ చేతులూ కదిలించే ఉద్యోగమాయె. స్కూటరు మీద రబ్బరు పట్టీలు, బంతులు, మడత బల్ల కట్టుకుని వెళుతుంటే సర్కసు ఊరు మారుతున్నట్టు ఉంటుందని మా డాక్టరమ్మ నవ్వుతుంది. మొన్న వానలో ఆ బల్ల తాడు తెంచుకుని రోడ్డు మధ్యలో పరుచుకుంది. వెనక బస్సు ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, "పడుకుంటావా అమ్మా, మమ్మల్ని పోనిస్తావా?" అన్నాడు. అప్పుడే అనుకున్నాను, ఇక కారు కొనాల్సిందేనని.

రెండు చూశాను. ఒకటి చిన్న పెట్రోలు కారు. ఎర్రది, బొమ్మలా ఉంటుంది. రెండోది ఒక పళ్ల డాక్టరుగారిది, డీజిలు. బూడిదరంగు, కాస్త ఒళ్లు చేసిన బండి. తాళం తిప్పగానే కిందెక్కడో గురగుర మొదలై సీట్లోంచి నా వెన్నులోకి వచ్చింది. చిన్నప్పుడు నువ్వు పని నుంచి రాగానే నేను నీ మెడకి వేలాడితే, "ముందు స్నానం చెయ్యండి బాబూ, పిల్లంతా డీజిలు వాసన" అని అమ్మ అరిచేది. నాకు ఆ వాసనే ఇష్టం. అమ్మ పోయాక అలా అరిచేవాళ్లు లేరు. కొన్నాళ్లకి నువ్వూ కొండల్లోకి వెళ్లిపోయావు.

నా మనసు డీజిలు మీదే ఉంది. ఇంజన్ల మధ్యే బతికినవాడివి, నువ్వు ఏది కొనమంటావు? పోస్టు జీపు వారానికోసారే పైకి వెళుతుందని తెలుసు, అందులోనే జాబు పెట్టు. క్యాంపు ఆఫీసు ఫోనుకి చేస్తే ఎప్పుడూ పనిలో ఉన్నావనే అంటున్నారు. ఎప్పుడు చేసినా పనేనా నాన్నా?

నీ పిచ్చుక

*

కొండ రోడ్డు క్యాంపు,
జనరేటరు షెడ్డు నుంచి

పిచ్చుకా,

లైసెన్సు సంగతి చదివి ఇక్కడ అందరికీ టీ పోయించాను. వంటవాడు అడక్కుండానే చక్కెర ఎక్కువ వేశాడు.

బండి విషయం చెబుతా, శ్రద్ధగా చదువు. డీజిలు ఇంజను పొడుగు దారుల కోసం పుట్టింది. ఒంట్లో వేడి పుట్టేదాకా పరిగెత్తాలి అది. నీ పనేమో నాలుగు వీధుల్లో. ఒక ఇంటి ముందు ఆపుతావు, మళ్లీ తీస్తావు, ఇంకో ఇంటి ముందు ఆపుతావు. అలా తిప్పితే పొగగొట్టం దారిలో ఉండే ఫిల్టరు మసితో మూసుకుపోతుంది. ముందు దీపం వెలుగుతుంది, తర్వాత బండి నీరసిస్తుంది, ఆ తర్వాత మెకానిక్కు నిన్ను చూసి నవ్వుతాడు. కనీసం నెలకోసారైనా పెద్ద రోడ్డెక్కించి గట్టిగా తోలితేనే ఆ మసి కాలిపోతుంది. నువ్వు ఎక్కడికి తోలతావు చెప్పు? మొదటి బండి నేర్చుకోవడానికి. తేలిగ్గా ఉండాలి. ఎర్రది కొనుక్కో.

ఫోనంటావా, షెడ్డు రొదలో అవతలి మాట తెలీదు. అందుకే రాను. వేరే ఏమీ లేదు.

ఇక్కడ చలి మొదలైంది. రెండు జనరేటర్లూ బాగానే నడుస్తున్నాయి. పెద్దమ్మని అడిగానని చెప్పు.

నాన్న

*

క్లినిక్ వెనక గది నుంచి

నాన్నా,

నువ్వు రాసింది అక్షరం పొల్లుపోకుండా చదివాను. చదివాక డీజిలే కొనాలని ఇంకా గట్టిగా అనిపించింది. నెలకోసారి పొడుగు దారి పట్టించాలన్నావు కదా? మందు రాసింది నువ్వే. పొడుగు దారి నా దగ్గర ఒకటుంది. అది నీ దగ్గరికే వస్తుంది.

ఎర్ర కారుని మా వీధి చివర మెట్టకి తీసుకెళ్లి చూశాను. నేనూ, పెద్దమ్మా, మడత బల్లా ఉన్నాం. సగం దూరం వెళ్లేసరికి ఆయాసం. పెద్దమ్మ కళ్లు మూసుకుని, "నేను దిగి నడవనా?" అంది. కారు అమ్మే అబ్బాయి పాపం వెనక నుంచి తొయ్యడానికి సిద్ధమైపోయాడు. పళ్ల డాక్టరుగారి బండి అదే మెట్ట మీద కూనిరాగం తీసినట్టు వెళ్లింది.

అంతే నాన్నా. ఊళ్లో తిరగడానికైతే ఏదైనా సరిపోతుంది. నాకు కొండెక్కే బండి కావాలి. ఉద్యోగం వచ్చాక నా గది నువ్వు చూడలేదు. నువ్వు ఉండే చోటు నేను ఎప్పుడూ చూడలేదు. నీ మంచం ఎటువైపు ఉంటుందో, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో కూడా తెలీకుండా నీకు ఉత్తరాలు రాస్తున్నాను. గాల్లో ఉన్న మనిషికి రాస్తున్నట్టుంది.

వస్తాను. సరేనా?

నీ పిచ్చుక

*

జనరేటరు షెడ్డు నుంచి

పిచ్చుకా,

రావద్దు. దారి బాగాలేదు. వాన పడితే రాళ్లు దొర్లుతున్నాయి. పెద్ద లారీల వాళ్లే తడబడుతున్నారు, కొత్తగా చెయ్యి తిరుగుతున్నదానివి నువ్వెలా వస్తావు? ఇక్కడ ఆడపిల్ల ఉండటానికి గది కూడా లేదు. చూడటానికి ఏముంది? దుమ్ము, రేకులు, మనుషులు.

పెట్రోలు బండి కొనుక్కో. ఊళ్లో హాయిగా తిరుగు. పని తెమిలాక నేనే వస్తాను.

నాన్న

*

క్లినిక్ వెనక గది నుంచి,
బుధవారం

నాన్నా,

పళ్ల డాక్టరుగారు నెలాఖరు లోగా ఏదో ఒకటి చెప్పమంటున్నారు. ఆయన దగ్గరికి ఇంకెవరో వచ్చి చూసుకెళ్లారట. కావలిస్తే ఇంజను చప్పుడు వినిపించి మీ నాన్నగారినే అడగమ్మా అన్నారు. అందుకని మా క్లినిక్‌లో మాటలు ఎక్కించుకునే చిన్న రికార్డరు పోస్టు జీపులో పంపిస్తున్నాను. ఎర్ర మీట నొక్కితే మోగుతుంది.

విని చెప్పు. చివరిదాకా విను.

పిచ్చుక

*

జనరేటరు షెడ్డు నుంచి

పిచ్చుకా,

రికార్డరు అందింది. విన్నాను. ఇంజను చప్పుడు నిబ్బరంగానే ఉంది. ఎక్కడా తడబాటు లేదు. అయినా నా మాట పెట్రోలే. నీ ఇష్టం.

రికార్డరు ఇదే జీపులో వెనక్కి పంపుతున్నాను. క్లినిక్ సొత్తు కదా.

చలికి జాగ్రత్త.

నాన్న

*

క్లినిక్ వెనక గది నుంచి

నాన్నా,

ఏ ఇంజను విన్నావు?

ఆ రోజు బండి స్టార్టవ్వలేదు. పళ్ల డాక్టరుగారు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయిందట. తాళం తిప్పితే టిక్కు టిక్కుమంది, అంతే. ఆయన సారీలు చెప్పుకుంటూ తీగలు తేవడానికి పక్కింటికి పరిగెత్తారు. ఆ బండిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. రికార్డరు తిరుగుతూనే ఉంది. అప్పుడు నీతో మాట్లాడాను. ఇంజను లేదని మొదటి మాటలోనే చెప్పాను. తర్వాత ఇంకా చాలా చెప్పాను. ఎదురుగా ఉంటే ఎప్పుడూ అనలేనివి. ఆఖర్న ఏడ్చాను కూడా. తీగలు పట్టుకుని వచ్చిన పళ్ల డాక్టరుగారు నా మొహం చూసి, "కంగారుపడకమ్మా, బ్యాటరీయే కదా" అన్నారు.

నువ్వు కనీసం మీట కూడా నొక్కలేదన్నమాట. నొక్కకుండానే, "చప్పుడు నిబ్బరంగా ఉంది" అని రాసేశావు.

ఇన్నాళ్లూ అడగనిది ఇప్పుడు అడుగుతాను. పోయినసారి వచ్చి వెళ్లేటప్పుడు నువ్వు బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నావు. నేను కింద నిలబడి, "ఇక వెళ్లొద్దు నాన్నా, ఉండిపో" అన్నాను. అద్దం మీద చెయ్యిపెట్టి రెండుసార్లు అన్నాను. నువ్వు నవ్వావు. "అలాగే తల్లీ, అలాగే" అన్నావు. బస్సు వెళ్లిపోయింది. అలాగే అన్న మనిషి ఎలా వెళ్లిపోతాడని నేను అక్కడే నిలబడిపోయాను. పెద్దమ్మ వచ్చి తీసుకెళ్లింది.

నువ్వు పెట్రోలే కొనమని ఎందుకంటున్నావో ఇప్పుడు అర్థమైంది. నేను రాకూడదు. అంతేగా? ఆ ముక్క నేరుగా రాయి. ఫిల్టర్లు, మసి అని పాఠాలు చెప్పకు.

*

క్యాంపు స్టోరు నుంచి

తల్లీ,

పైన స్టోరు అని చూసి తప్పు రాశాననుకోకు. ఇన్నాళ్లూ రాసిందే తప్పు. నేను షెడ్డులో లేను. పోయిన వేసవిలోనే నన్ను ఇక్కడికి మార్చారు.

నాకు వినపడదు పిచ్చుకా.

కుడి చెవి ముందు పోయింది. ఇంజన్ల పక్కన పనిచేసే వాళ్లందరికీ కొద్దో గొప్పో ఉండేదేలే అనుకున్నాను. తర్వాత రెండోది కూడా. ఒక రోజు షెడ్డులో అలారం మోగుతుంటే నేను దాని పక్కనే నిలబడి బోల్టులు తుడుచుకుంటున్నానట. ఎవరికీ ఏమీ కాలేదు. పరిగెత్తుకొచ్చిన ఇంజనీరు నా వైపు చూసిన చూపు మాత్రం మర్చిపోలేను. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మర్నాడు స్టోరు తాళాలు చేతికిచ్చాడు. ఇప్పుడు బోల్టులు, బెల్టులు, గ్రీజు డబ్బాలు ఇస్తుంటాను. కావలసింది చీటీ మీద రాసిస్తారు, లేదా చేతులతో చూపిస్తారు. మొదట్లో నా వెనక నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు అదీ మానేశారు.

ఇంటికి వచ్చినప్పుడు మీ పెదాలు చూస్తూ నెట్టుకొచ్చాను. పెద్దమ్మ మాటలు సులువు, తిట్లు కాబట్టి. నీవే కష్టం. గబగబా మాట్లాడతావు, మధ్యలో నవ్వుతావు, తల పక్కకి తిప్పేస్తావు. తెలియనప్పుడల్లా "అలాగే" అనేవాణ్ని. ఆ మాట ఎక్కడైనా సరిపోతుందనుకున్నాను.

బస్సు దగ్గర నువ్వేదో అంటున్నావు. అద్దం మసకగా ఉంది. జాగ్రత్తగా వెళ్లు, చేరగానే ఉత్తరం రాయి, అలాంటిదే అయ్యుంటుందనుకుని నవ్వాను. నువ్వు రాసిన వాక్యం చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. అది వినపడి ఉంటే ఆ బస్సు దిగేసేవాణ్ని తల్లీ. పెట్టె పోతే పోయిందని దిగేసేవాణ్ని.

రికార్డరు మీట నొక్కాను. చెవికి అదిమిపట్టుకున్నాను. నొప్పి పుట్టింది కానీ మాట పుట్టలేదు. వంటవాడు పక్కనే ఉన్నాడు, విని చెప్పమంటే చెప్పేవాడు. కానీ నీ గొంతు నాకంటే ముందు ఇంకొకరు వినడానికి మనసొప్పలేదు. అందుకే అబద్ధం రాశాను.

పెట్రోలు బండి కొనమన్న దాంట్లో సగం నిజం. ఊళ్లో తిరిగేవాళ్లకి ఎవరికైనా అదే చెబుతాను. మిగతా సగం నువ్వు పట్టేశావు. ఆ చిన్న బండి ఈ కొండ ఎక్కదు. నువ్వు వస్తే, గేటు దగ్గర నాన్నా అని పిలుస్తావు. నేను తిరిగి చూడను. అది నువ్వు చూడకూడదనుకున్నాను. నాన్నకి చెవులు లేవని తెలియడం కంటే నాన్నకి తీరిక లేదనుకోవడమే నీకు తేలికని లెక్కేసుకున్నాను.

ఇక నీ ఇష్టం.

నాన్న

*

క్లినిక్ వెనక గది నుంచి

నాన్నా,

డీజిలు బండి కొనేశాను.

నీ ఉత్తరం క్లినిక్ మెట్ల మీద కూర్చుని చదివాను. తర్వాత పళ్ల డాక్టరుగారింటికి నడిచి వెళ్లాను. వేరే వాళ్లు ఇంకా తేల్చలేదట. ఆయనకి సంగతంతా చెప్పలేదు, మా నాన్న కొండ మీద ఉంటారు, వెళ్లాలి అన్నాను. కొత్త బ్యాటరీ తానే వేయించి ఇచ్చారు.

వచ్చే శనివారం బయలుదేరుతున్నాం. "న్నాం" అన్నది చూశావుగా? పెద్దమ్మ కూడా. నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. విన్నంతసేపూ చీరచెంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత లేచి, "పద, నేనూ వస్తా. నీకు తోడుకి కాదు, మీ నాన్నని తిట్టాలి. వినపడదంటే కాగితం మీద రాసి తిడతాను. ఎక్కడికి పోతాడు?" అంది. తెల్ల కాగితాల కట్ట కూడా కొని పెట్టుకుంది. ఊరికే అనడం లేదు.

గేటు దగ్గర పిలవను. ఎదురుగా వచ్చి నిలబడతాను. నెమ్మదిగా మాట్లాడతాను, తల పక్కకి తిప్పను. నవ్వు వస్తే ఆగి, నవ్వడం అయ్యాకే మాట మొదలుపెడతాను.

నీ పిచ్చుక

*

క్లినిక్ వెనక గది నుంచి,
చేరిన మర్నాడు

నాన్నా,

క్షేమంగా చేరాం. పెద్దమ్మ దారంతా కళ్లు మూసుకుంది కానీ నోరు మూసుకోలేదు. డ్యాష్‌బోర్డు మీద ఊళ్లో వెలిగిన మసి దీపం పైకి వచ్చేటప్పుడే ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. నీ వైద్యం పనిచేసింది.

నువ్వు పక్క సీట్లో కూర్చుని నాతో ఆ మలుపుల రోడ్డు మీద వచ్చావు చూడు, అది నాకు ఇంకా కళ్లలోనే ఉంది. మూడో మలుపులో నేను గేరు తప్పు వేస్తే నువ్వు నా వైపు చూడనైనా లేదు. డోరు మీద అరచెయ్యి ఆనించుకుని, "ఇబ్బంది పడుతోంది, రెండులో వెయ్యి" అన్నావు. వేశాను. "ఆఁ, ఇప్పుడు ఊపిరి తీసుకుంది" అన్నావు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కొత్త డ్రైవర్లు ఏడవకూడదని ఆపుకున్నాను.

నీ మంచం తలుపు వైపు ఉంది. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది, దాని కింద లోయ. నీ చొక్కాలు నువ్వే ఉతుక్కుని తీగ మీద చేతులు కిందికి వేలాడేలా ఆరేస్తావు. దువ్వెనకి రెండు పళ్లు లేవు. ఇవన్నీ ఇప్పుడు నాకు తెలుసు. తెలిశాక ఇంకా కష్టంగా ఉంది. ఇదివరకు నిన్ను తలుచుకుంటే ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు సాయంత్రమైతే ఆ రేకుల గదిలో మంచం మీద నువ్వొక్కడివే కూర్చోవడం కనిపిస్తోంది. చుట్టూ అందరూ మాట్లాడుకుంటుంటే మధ్యలో టీ గ్లాసు పట్టుకుని అందరి మొహాలూ చూస్తూ, అందరూ నవ్వాక నవ్వుతావు. అది చూశాను నాన్నా. నేను చూస్తున్నానని నీకు తెలీదు.

చెవుల డాక్టరు దగ్గర పేరు రాయించనా అని అడిగితే చూద్దాం అన్నావు. మాతో వచ్చెయ్ అంటే స్టోరు ఎవరికీ అప్పగించలేదన్నావు. నేను మళ్లీ అనలేదు. పెద్దమ్మ కాగితం మీద రాసింది కదా, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నావు. ఏం రాసిందో నాకు చెప్పలేదు. "మా మధ్య విషయం" అంది.

బయలుదేరేటప్పుడు అద్దంలో చూశాను. నువ్వు గేటు బయటికి వచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డావు. మలుపు తిరిగేదాకా కదల్లేదు.

నిన్ను ఒత్తిడి చెయ్యను. నెలకోసారి వస్తాను. ఇంజను ఆరోగ్యం కోసమని అనుకో.

నీ పిచ్చుక

*

క్యాంపు స్టోరు నుంచి

పిచ్చుకా,

మీరు వెళ్లాక రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాను. వెనక లారీ వచ్చి హారను కొట్టిందట. నాకేం తెలుస్తుంది? డ్రైవరు దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపాడు. ఎవర్ని పంపించావని చేత్తో అడిగాడు. మా అమ్మాయి, తనే తోలుకుంటూ వెళ్లింది అన్నాను. నా గొంతు ఎంత పెద్దదైపోయిందో నాకు తెలీదు కానీ, గేటు దగ్గర మనుషులందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

రెండు వారాలు ఆలోచించాను. భయం లేదని చెప్పను. ఇక్కడ చీటీలున్నాయి, సైగలున్నాయి, నేను ఏమిటో అందరికీ తెలుసు. కిందికి వస్తే అన్నీ మళ్లీ మొదలుపెట్టాలి. డాక్టరు చూసినా పోయింది పోయినట్టే అంటాడేమో. అప్పుడు నీకు ఇంకో రోగి తయారవుతాడు, ఇంట్లోనే. ఇవన్నీ అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ లోయ వైపు రోడ్డు చూడటం, బూడిదరంగు బండి ఏదైనా కనిపిస్తే లేచి నిలబడటం అలవాటైపోయింది. నిన్న మూడుసార్లు లేచాను. మూడూ వేరేవాళ్లవే.

ఈ రోజు పొద్దున ఇంజనీరుకి స్టోరు తాళాలు ఇచ్చేశాను. ఆయన చీటీ మీద "ఎందుకు?" అని రాశాడు. నేను దాని కిందే, "మా అమ్మాయి ఉండిపొమ్మంది. ఇప్పుడు వినపడింది" అని రాసిచ్చాను. ఆ చీటీ చదివాడు. లేచి చెయ్యి కలిపాడు.

డాక్టరు దగ్గర పేరు రాయించు. పెద్దమ్మకి చెప్పు, తను అడిగిన దానికి జవాబు వచ్చి ఎదురుగానే చెబుతానని.

పగటిపూటే కొండెక్కు. వచ్చేటప్పుడు బండి వెనక సీటు మడిచేసి రా. నా ట్రంకుపెట్టె కాస్త పెద్దది, ఈసారి మడత మంచం కూడా తెచ్చుకుంటున్నాను.

నాన్న